ప్లగ్గులు మార్చిన మరుసటి రోజు



ఈ వారం వేరే సంగతి రాద్దామని కూర్చున్నాము. ఇంతలో మన సంఘంలోనే పెరిగి, ఇప్పుడు బెంగుళూరులో ఉద్యోగం చేసుకుంటున్న ఒక తమ్ముడి దగ్గర నుంచి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది. "అయ్యగారూ, కారుకి ప్లగ్గులు నేనే మార్చాను. వీడియో చూసి చేశాను. అప్పటి నుంచి ఇంజన్ మిస్సింగ్ కొడుతోంది. పోయిన వారం ఆయిల్ మార్చిన సర్వీసు వాళ్ళే ఏదో చేసి ఉంటారు. వాళ్ళ గురించి నెట్‌లో గట్టిగా రాసి పడేశాను. కాయిల్స్ మొత్తం మార్చాలంటున్నారు, మార్చమంటారా?" అని.

మేము ఆ మెసేజ్ ఇద్దరమూ రెండుసార్లు విన్నాము. రెండోసారి అమ్మగారు మా వంక చూసి నవ్వారు. ఆ నవ్వుకు కారణం మీలో చాలామందికి తెలియదు. తెలిసిన పెద్దలు కొందరు ఇప్పుడు మన మధ్య లేరు. కాబట్టి తమ్ముడికి చెప్పాల్సిన జవాబు ఇక్కడే, అందరి ముందూ చెబుతున్నాము.

కంభానికీ గిద్దలూరుకీ మధ్య మన మందిరం కట్టుకున్న తొలి రోజుల్లో మాకొక తెల్ల ఓమ్నీ వ్యాను ఉండేది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. కార్బరేటర్ మోడల్, 796 సీసీ, మూడు సిలిండర్లు. ఇప్పుడు ముప్ఫై ఏళ్ళ వయసున్న మన పిల్లలందరూ ఏదో ఒక రోజు ఆ బండిలో వెనక మైకు సెట్టు మీద కూర్చుని వచ్చినవారే. ఆదివారం మనుషులు, సోమవారం బియ్యం బస్తాలు, మంగళవారం నీళ్ళ క్యాన్లు. మన నీళ్ళలో ఫ్లోరైడు సంగతి మీకు చెప్పక్కర్లేదు. మంచినీళ్ళ కోసం క్యాన్లు వేసుకుని తిరగడం మనకు పుట్టుకతో వచ్చిన పని.

ఆ బండిలో ఇంజన్ ముందు ఉండదు, వెనక ఉండదు. మనం కూర్చునే సీటు కిందే ఉంటుంది. ఎండాకాలం గంట సేపు నడిపితే కూర్చున్నవారికి పొయ్యి మీద కూర్చున్నట్టు ఉండేది. సీటు ఎత్తితే ప్లగ్గులు చేతికి అందేవి. అలా అందడమే మా కొంప ముంచింది.

పదిహేడు, పద్దెనిమిదేళ్ళ కిందటి సంగతి. మే నెల. బండి పికప్ తగ్గింది. బుధవారం నాడు గిద్దలూరులో మాకు అలవాటైన మెకానిక్ భాయ్ దగ్గరికి తీసుకెళ్ళాము. ఆయన కార్బరేటర్ విప్పి కడిగి బిగించి, "అయ్యగారూ, ప్లగ్గులు కూడా అరిగిపోయాయి, ఇప్పుడు నా దగ్గర స్టాకు లేవు, మళ్ళీ వచ్చినప్పుడు మారుద్దాం" అన్నారు. కూలి తీసుకున్నారు. ఎంతో గుర్తు లేదు గానీ ఎక్కువ అని మాత్రం అనిపించింది. శనివారం మేమే మూడు ప్లగ్గులు, ఒక ప్లగ్ పానా కొనుక్కొచ్చాము. పానా ఖర్చు కూలికి సరిపోయింది. అయినా పానా మన దగ్గర ఉంటుంది కదా అని సరిపెట్టుకున్నాము.

చేసిన తప్పులు వరసగా చెబుతాము, తమ్ముడు శ్రద్ధగా వినాలి. మొదటిది, మూడు వైర్లూ ఒకేసారి పీకేశాము. ఏ వైరు ఏ సిలిండరుదో గుర్తు పెట్టుకోలేదు. ఒకటి విప్పి, ఒకటి బిగించి, దాని వైరు దానికి తొడిగి, ఆ తర్వాతే రెండోదాని జోలికి వెళ్ళాలి. పాత బండ్లలో డిస్ట్రిబ్యూటర్ అనే ఒక మూత ఉంటుంది. కాయిల్ నుంచి వచ్చిన కరెంటును అది వంతులవారీగా సిలిండర్లకు పంచుతుంది. మా బండికి ఆ వంతు ఒకటి, మూడు, రెండు. ఒకటి తర్వాత రెండు అనుకుని ఎవరైనా తప్పు తొడిగితే ఒక సిలిండరుకు రావలసిన నిప్పు ఇంకో సిలిండరుకు పోతుంది. మేము అదే చేశాము. సెల్ఫ్ కొట్టగానే సైలెన్సర్‌లో టపాకాయ పేలినట్టు పేలింది. మందిరం ముందు వేపచెట్టు మీద కాకులన్నీ లేచిపోయాయి. వైర్లు అటూ ఇటూ మార్చి చూస్తే మూడోసారికి బండి స్టార్టయి, చక్కగా తిరిగింది. తప్పు దొరికింది, సరిచేశాము అని సంతోషించాము. ఒక తప్పు దొరికితే ఇంకొకటి ఉండదనుకోవడం ఎంత తేలికో!

రెండోది, బిగించేటప్పుడు ఒక ప్లగ్గు చేతిలోంచి జారి సిమెంటు గచ్చు మీద పడింది. తీసి చూశాము. ఏమీ కాలేదు. తెల్ల పింగాణీ తెల్లగానే ఉంది. లుంగీతో తుడిచి బిగించేశాము. అమ్మగారు గుమ్మంలో నిలబడి చూశారు. "పడిందే అది" అన్నారు. "ఇనుము, ఏమవుతుంది" అన్నాము.

ఒక్క పని మాత్రం సరిగ్గా చేశాము, అదీ చెప్పుకోవాలి. పాత ప్లగ్గులు విప్పకముందే సైకిల్ పంపుతో వాటి చుట్టూ గాలి కొట్టాము. మార్కాపురం వైపు పలకల గనుల దగ్గర తిరిగే బండ్లలో బూడిద రంగు ధూళి ప్రతి సందులోనూ చేరుతుంది. ప్లగ్గు విప్పగానే అది నేరుగా సిలిండరులోకి రాలి, లోపల గోడలను గీకుతుంది. ఈ ఉపాయం మాకు నేర్పింది కూడా ఆ మెకానిక్ భాయే. ఆ సంగతి ఆ శనివారం గుర్తుకు రాలేదు.

ఆదివారం పొద్దున్న మూడు ఊళ్ళు తిరిగాము. అంతా చదును రోడ్డు. బండి బాగానే నడిచింది. ఒకటి రెండుసార్లు ఎక్సలేటర్ గట్టిగా తొక్కినప్పుడు ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగినట్టు చిన్న కుదుపు వచ్చింది. కొత్త ప్లగ్గులు, అలవాటు పడాలి అనుకున్నాము. ప్లగ్గులకు అలవాటు పడటం అనేది ఏదీ ఉండదు. కొత్తది మొదటి నిమిషం నుంచే పని చేయాలి. చేయలేదంటే ఏదో తేడా ఉన్నట్టే.

ఆ రాత్రి పది దాటాక ఒక అబ్బాయి పరుగెత్తుకొచ్చాడు. వాళ్ళ నాన్నకు ఆయాసం ఎక్కువైంది. ఆ పెద్దాయన చిన్నప్పటి నుంచి మార్కాపురం గనుల్లో పలకరాయి చీల్చినవారు. ఉలితో ఒక్క దెబ్బ వేస్తే రాయి అట్టముక్కలా విడిపోయేదట. ముప్ఫై ఏళ్ళు పీల్చిన ధూళి ఊపిరితిత్తుల్లో కూర్చుంది. గిద్దలూరులో డాక్టరు గారు చూసి, ఇక్కడ కాదు, నంద్యాల తీసుకెళ్ళండి అన్నారు. ఆయన్ని వ్యాను వెనక సీటు మీద కూర్చోబెట్టి, అబ్బాయి పట్టుకుని ఉండగా బయల్దేరాము. అమ్మగారు కూడా వచ్చారు.

దిగువమెట్ట దాటి నల్లమల ఘాటు మొదలవగానే బండి గుణం మారిపోయింది. ఎక్కుడు రోడ్డు మీద ఎక్సలేటర్ తొక్కేకొద్దీ మిస్సింగ్ పెరిగింది. మూడు గొంతులు కలిసి పాడే పాటలో ఒక గొంతు ఆగిపోయినట్టు ఇంజన్ చప్పుడు కుంటుతోంది. నాలుగు సిలిండర్ల బండి అయితే ఒకటి ఆగినా ఎలాగో లాక్కెళ్తుంది. మూడింటిలో ఒకటి ఆగితే బలంలో మూడో వంతు పోయినట్టే. సెకండు గేరు నుంచి ఫస్టు గేరుకు వచ్చాము. అక్కడా లాగలేదు. ఒక మలుపులో బండి ఆగిపోయింది. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రం కింద రాయి పెట్టాము. చుట్టూ అడవి. ఫోనులో సిగ్నలు లేదు. 108 అంబులెన్సులు అప్పటికి రాష్ట్రంలో వచ్చి రెండు మూడేళ్ళయింది గానీ, పిలవడానికి దారి ఉండాలి కదా. వెనక సీటులో పెద్దాయన ఊపిరి పీల్చే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. ఆ చప్పుడు ఇప్పటికీ మాకు గుర్తు.

ఎంత సేపు నిలబడ్డామో చెప్పలేము. చివరికి నాపరాయి దించి ఖాళీగా తిరిగి వెళ్తున్న ఒక లారీ ఆగింది. డ్రైవరు దిగి ఒక్క మాట కూడా అడగకుండా పెద్దాయన్ని ఎత్తుకుని క్యాబిన్‌లో కూర్చోబెట్టుకున్నాడు. అబ్బాయి కూడా ఎక్కాడు. ఆ డ్రైవరు పేరు అడగడం కూడా మాకు తట్టలేదు.

పెద్దాయన బతికారు. ఆ తర్వాత నాలుగేళ్ళు మన మధ్యే ఉన్నారు. ఆ రాత్రి మాత్రం ఈ సంగతి మాకు తెలియదు. బండి వెనక్కి తిప్పుకుని ఘాటు దిగాము. దిగేటప్పుడు ఇంజన్ చక్కగా తిరుగుతోంది! చదును మీద ఇంకా చక్కగా. ఈ విడ్డూరం చూసి మాకు భయం పోయి కోపం వచ్చింది. "కార్బరేటర్ విప్పాడు కదా, ఏదో సరిగ్గా బిగించలేదు. పెట్రోలు అందడం లేదు" అని తీర్పు చెప్పేశాము. అమ్మగారు ఏమీ అనలేదు.

సోమవారం పొద్దున్నే గిద్దలూరు బస్టాండు దగ్గర టీ కొట్టు ముందు, పదిమంది వింటుండగా ఆ మాట అన్నాము. డబ్బులు తీసుకుని బండి పాడు చేశాడు, ఒక ప్రాణం పోయేది, అని. అక్కడితో ఆగామా? గురువారం కూడికలో కూడా ప్రార్థన మనవులు చెప్పుకునేటప్పుడు అదే చెప్పాము. ప్రార్థన మనవి రూపంలో చెప్పిన చాడీ చాలా దూరం వెళ్తుంది. మన సంఘంలో ఆటోలు, వ్యానులు ఉన్న కుటుంబాలు అప్పటికి నాలుగైదు ఉన్నాయి. ఆ వారం నుంచి ఎవరూ భాయ్ దగ్గరికి వెళ్ళలేదు. వెళ్ళొద్దని మేము ఎవరితోనూ అనలేదు. అనాల్సిన అవసరం కూడా లేకపోయింది.

గురువారం రాత్రి కూడిక అయ్యాక అమ్మగారు అడిగారు. "బండి మీద ఆఖరున చెయ్యి వేసింది ఎవరు?"

"భాయ్" అన్నాము.

"భాయ్ బుధవారం వేశారు. శనివారం వేసింది ఎవరు?"

తమ్ముడూ, ప్లగ్గులు మార్చాక మిస్సింగ్ వచ్చిన ఏ బండికైనా మొదటి ప్రశ్న ఇదే. నిన్నటి దాకా బాగున్నది ఈ రోజు బాగలేదంటే, మధ్యలో ముట్టుకున్నది ఏమిటి? ముట్టుకోని వాటిని తర్వాత చూడవచ్చు. పంపు పాడైందేమో, వాల్వులు కాలాయేమో, కాయిల్ పోయిందేమో అని దూరాలు వెళ్ళకముందు మన వేళ్ళు ఎక్కడెక్కడ తగిలాయో అక్కడ చూడాలి.

శుక్రవారం చూశాము. మొదట ఇంటి ముందు నిలబెట్టి, ఇంజన్ నిదానంగా తిరుగుతుండగా, రబ్బరు పిడి ఉన్న ప్లేరుతో ఒక్కొక్క వైరూ కాసేపు లాగి చూశాము. ఏ వైరు లాగినప్పుడు ఇంజన్ చప్పుడు మారదో ఆ సిలిండరు పని చేయడం లేదని అర్థం. మాకు మూడింటికీ చప్పుడు మారింది! అంటే మూడూ పని చేస్తున్నాయి. ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ పరీక్ష పాత బండ్లకే. కొత్త బండ్లలో ఇంజన్ తిరుగుతుండగా అలా లాగితే కాయిల్, దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె రెండూ పాడవుతాయి. చేతికి షాకు సరేసరి.

మూడూ పని చేస్తుంటే ఘాటులో ఎందుకు ఆగింది? ఇది మాకు అప్పుడు తెలియదు, తర్వాత భాయ్ చెబితే తెలిసింది. బ్యాటరీలో ఉండేది 12 వోల్టులే. కాయిల్ దాన్ని 20,000 పైచిలుకు చేసి ప్లగ్గుకు పంపుతుంది. ప్లగ్గు కొనలో ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉండే సందును ఆ కరెంటు నిప్పురవ్వగా దూకాలి. ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగేటప్పుడు ఒక్కో ప్లగ్గు సెకనుకు 25 సార్లు ఈ పని చేస్తుంది. ఊరకే నిలబడి తిరిగేటప్పుడు సిలిండరులో గాలి, పెట్రోలు పలచగా ఉంటాయి, సందు దూకడం తేలిక. ఎక్కుడులో ఎక్సలేటర్ అదిమినప్పుడు లోపల నిండా కూరినట్టు ఉంటుంది. ఆ ఒత్తిడిలో సందు దూకడం కష్టం. అప్పుడు కరెంటు అంతకంటే సులువైన దారి ఎక్కడ ఉందా అని వెతుక్కుంటుంది. ఎక్కడైనా పగులు ఉంటే చాలు, అటు నుంచి జారి ఇనుములోకి పోతుంది. లోపల పెట్రోలు మండకుండా అలాగే బయటికి పోతుంది. అందుకే బరువు మోసేటప్పుడు మాత్రమే మిస్సింగ్ వస్తే అనుమానం ముందుగా నిప్పు మీద పెట్టాలి.

పగులును చూసింది అమ్మగారే. రాత్రి ఎనిమిదింటికి సీటు ఎత్తి, టార్చి వేసి చూస్తున్నాము. ఏమీ కనబడలేదు. "టార్చి ఆర్పండి" అన్నారు. ఆర్పి, ఎక్సలేటర్ తీగను ఒక్కసారి గట్టిగా లాగాము. మూడో ప్లగ్గు తెల్ల పింగాణీ మీద సన్నని నీలం గీత ఒకటి మెరిసి మాయమైంది. మళ్ళీ లాగాము. మళ్ళీ మెరిసింది. కింద పడ్డ ప్లగ్గు అదే.

అయినా వెంటనే ఒప్పుకోవడానికి మనసు రాలేదు. ప్లగ్గు కాదు, దాని వైరు లీకేమో అనుకున్నాము. అందుకని ఇంజన్ చల్లారాక మూడో ప్లగ్గు తీసి ఒకటో సిలిండరులో పెట్టి, ఒకటోది మూడోదానిలో పెట్టాము. వైర్లు మాత్రం ఎక్కడివక్కడే. మళ్ళీ చీకట్లో చూస్తే నీలం గీత ఒకటో సిలిండరుకు వెళ్ళిపోయింది. వైరు తప్పయితే గీత మూడోదాని దగ్గరే ఉండేది. ప్లగ్గు ఎటు వెళ్తే జబ్బు అటు వెళ్ళింది. ఇక వాదించడానికి ఏమీ మిగలలేదు.

శనివారం పొద్దున ఆ ప్లగ్గు కాగితంలో చుట్టుకుని గిద్దలూరు వెళ్ళాము. భాయ్ షాపు ముందు ఒక్క బండి కూడా లేదు. ఆయన ఎత్తు బల్ల మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. మమ్మల్ని చూసి లేచి కుర్చీ వేశారు. మేము కూర్చోలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాము. ఆయన ప్లగ్గు తీసుకుని ఎండలో తిప్పి, గోరుతో పింగాణీ మీద నెమ్మదిగా గీశారు. ఒక చోట గోరు ఆగింది. వెంట్రుక కంటే సన్నని పగులు.

"సందు కూడా చూడండి" అని ఫీలర్ గేజి పెట్టారు. పడ్డప్పుడు కొన వంగి సందు సగానికి సగం మూసుకుపోయింది. ఎంత సందు ఉండాలో బండి మాన్యువల్లో రాసి ఉంటుంది, కొత్త ప్లగ్గు అయినా ఒకసారి కొలిచి బిగించాలి అన్నారు. చాలా పెట్రోలు బండ్లకు అది 0.7 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. అప్పటికే ఆయన గొంతులో కోపం లేదు. మాకు అదే ఎక్కువ బాధ కలిగించింది.

క్షమించమని అడిగాము. ఆయన కాసేపు ఊరుకుని, "అయ్యగారూ, మీరు టీ కొట్టు దగ్గర అన్న మాట కంభం దాకా పోయింది. ఇప్పుడు ఇక్కడ చెప్పే మాట ఈ షాపు గుమ్మం దాటుతుందా?" అన్నారు.

ఆ మరుసటి ఆదివారం ఆరాధనలో వాక్యం చెప్పకముందు ఆ ప్లగ్గు చేతిలో పట్టుకుని మొత్తం చెప్పాము. గచ్చు మీద పడ్డది, లుంగీతో తుడిచింది, అన్నీ. కొందరు నవ్వారు. నంద్యాల ఆసుపత్రి నుంచి అంతకు రెండు రోజుల ముందే ఇంటికి వచ్చిన పెద్దాయన ముందు వరసలో కూర్చుని ఉన్నారు. కూడిక అయ్యాక ఆ ప్లగ్గు అడిగి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టారు. పలక మంచిదో పగిలిందో తట్టి చప్పుడు విని చెప్పడం ఆయన పని కదా. రెండుసార్లు తట్టి, "ఇది ఏమీ చెప్పడం లేదయ్యా. పలకే నయం" అన్నారు. టీ కొట్టు దగ్గరికి కూడా వెళ్ళి చెప్పాము. అక్కడ ఆ రోజు విన్న పదిమందిలో ఇద్దరే ఉన్నారు. మిగతా ఎనిమిదిమంది ఎవరో మాకు తెలియదు.

మన కుటుంబాల్లో మూడు మళ్ళీ భాయ్ దగ్గరికి వెళ్ళాయి. రెండు వెళ్ళలేదు. "ఎందుకులే అయ్యగారూ, కొత్త ఆయన దగ్గర అలవాటైపోయింది" అన్నారు. భాయ్ ఆ ప్లగ్గును మా దగ్గర అడిగి తీసుకుని, షాపులో రించీలు వేలాడదీసే మేకుకు కట్టారు. ఎవరైనా అదేమిటని అడిగితే "అయ్యగారి ప్లగ్గు" అని కథ మొత్తం చెప్పేవారు. మేము బండి బాగు చేయించుకోవడానికి వెళ్ళినప్పుడు కూడా మా ముందే చెప్పేవారు. తర్వాత ఆయన షాపు ఎత్తేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారు. ప్లగ్గు ఏమైందో తెలియదు.

ఇక తమ్ముడి కారు సంగతి. నీ బండిలో డిస్ట్రిబ్యూటర్, పొడవాటి వైర్లు ఉండవు. ఒక్కో ప్లగ్గు నెత్తిన ఒక్కో కాయిల్ టోపీలా కూర్చుని ఉంటుంది. కాబట్టి మాలాగా వంతు తప్పే ప్రమాదం నీకు తక్కువ. కానీ కాయిల్‌కు వచ్చే ప్లాస్టిక్ కనెక్టరు టక్కుమని చప్పుడు వచ్చే దాకా నొక్కావా? సగం కూర్చున్న కనెక్టరు ఇంటి దగ్గర పని చేసి, గుంతల రోడ్డు మీద మానేస్తుంది. కాయిల్ తీసేటప్పుడు దాని రబ్బరు గొట్టం చిరిగిందేమో చూడు. అడ్డంగా ఉందని తీసిన గాలి గొట్టం ఏదైనా తిరిగి పెట్టడం మరిచిపోయావేమో చూడు. ప్లగ్గు బిగువు చూడు. కింద వాషరు ఉన్న కొత్త ప్లగ్గును ముందు చేత్తోనే చివరి దాకా తిప్పి, ఆ తర్వాత పానాతో అర చుట్టు నుంచి ముప్పావు లోపు బిగిస్తే చాలు. వదులుగా ఉంటే ఆవిరి కక్కుతుంది. బలంగా బిగిస్తే అల్యూమినియం హెడ్డులో మరలు పోతాయి, అప్పుడు ఖర్చు కాయిల్స్‌తో ఆగదు. వేడి ఇంజన్ మీద ఎప్పుడూ చెయ్యి పెట్టకు.

ఇవన్నీ సరిగా ఉంటే, ఏ సిలిండరో తెలుసుకో. స్కానరు పెట్టించు, ఇప్పుడు చిన్న మెకానిక్ షాపుల్లో కూడా ఉంటుంది. పి0301 అంటే ఒకటో సిలిండరు, పి0302 అంటే రెండోది, అలా. పి0300 వస్తే ఫలానా ఒక్క సిలిండరుదని కాదు, ఒకటి కంటే ఎక్కువ సిలిండర్లలో గానీ, ఒకసారి ఒకదానిలో ఒకసారి ఇంకోదానిలో గానీ వచ్చే మిస్సింగ్. ఆ అంకె రాసుకుని, ఇంజన్ ఆపి, ఆ కాయిల్‌ను పక్క సిలిండరుకు మార్చు. అంకె కూడా మారితే కాయిల్ పోయింది. అది ఒక్కటి మార్చు, అన్నీ వద్దు. అంకె మారకపోతే ప్లగ్గును అలాగే మార్చి చూడు. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే బాగుపడ్డా ఎందుకు బాగుపడిందో తెలియదు. బండికి చెప్పిన నంబరు ప్లగ్గేనా, పొడవు, వేడి తరగతి సరిపోయాయా అన్నది కూడా పెట్టె మీద చూడు. నీది సీఎన్‌జీ బండి అయితే ఇంకా జాగ్రత్త. గ్యాసుకు నిప్పు అంటించడానికి పెట్రోలు కంటే ఎక్కువ కరెంటు కావాలి, చిన్న పగులు కూడా అక్కడ బయటపడుతుంది.

ఇంకొకటి. డాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మ లైటు ఊరకే వెలగడం వేరు, ఆరుతూ వెలుగుతూ ఉండటం వేరు. ఆరుతూ వెలుగుతుంటే బండి పక్కకు ఆపు. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో ఉన్న కన్వర్టరులోకి వెళ్ళి అక్కడ మండుతుంది. ఆ సామాను ధర వింటే ఆయాసం వస్తుంది.

ఇదంతా మొన్న రాత్రి తమ్ముడికి ఫోనులో చెప్పాము. నిన్న సాయంత్రం ఫోటో పంపాడు. రెండో కాయిల్ కనెక్టరు తాళం పడలేదు, వేలితో కదిపితే ఊగుతోంది. నొక్కితే టక్కుమందట. ఘాటు లేదు కాబట్టి ఫ్లైఓవర్ మీద నాలుగుసార్లు ఎక్కించి చూశాడట, మిస్సింగ్ లేదు. బొమ్మలు, నవ్వులు చాలా పెట్టాడు.

సర్వీసు వాళ్ళ గురించి నెట్‌లో రాసిన మాట తీసేశావా అని అడిగాము. రెండు నీలం టిక్కులు పడ్డాయి. ఇది రాసే సమయానికి జవాబు ఇంకా రాలేదు.